ఒక చెయ్యి జేబులో

మూత విప్పేటప్పుడు
ఎడమ చెయ్యి జేబులో ఉండాలి.
పని నేర్పినాయన పెట్టిన నియమం ఇదొక్కటే,
నేనింకా బతికుండటానికి కారణం కూడా ఇదే.
ప్లగ్గు పీకి మూడు రోజులైనా
పెద్ద కెపాసిటర్ కోపం దిగమింగుకుని కూర్చుంటుంది.
స్క్రూడ్రైవర్ తాకిస్తే
చిటుక్కుమని ఒక్క నీలం మెరుపు.
ఆ తర్వాతే మాటలు.

కీత్లీలో, రైలు వంతెన కింద నా దుకాణం.
మూతపడ్డ ఉన్ని మిల్లులో కొన్న బల్ల మీదికి
ఈ నవంబరు వానలో వచ్చిందొక ఆంప్లిఫయర్,
అరవై అయిదు నాటిది.
నల్లటి రెక్సిను, అంకెలు చెరిగిన నాబులు,
ముందరి గుడ్డ మీద బీరు మరకల ప్రపంచపటం.
కార్మికుల క్లబ్బులో
బింగో అంకెలు అరిచీ, పెళ్ళిళ్ళలో ఊగీ
ఒక శనివారం రాత్రి పాట మధ్యలో పొగ కక్కిందట.
మోసుకొచ్చినవాడి నడుము
చెప్పడం పూర్తయ్యేదాకా నిటారు కాలేదు.

ఇంగువ కట్టిన గుడ్డ లాంటిది,
యాభై ఏళ్ళ సిగరెట్లు దీన్ని వదల్లేదు.
లోపల తీగలు
దువ్వి అల్లిన జడ పాయల్లా పడుకున్నాయి.
ఒక మూల పెన్సిల్‌తో రెండక్షరాలు: ఎం.పి.
ముప్పై ఏళ్ళలో పదకొండు పెట్టెల్లో చూశాను వాటిని.
ఆ మనిషి నాకు బాగా తెలుసు.
పొడుగాటివాడు, కళ్ళద్దాలు, నోట్లో పైపు,
సర్క్యూటంతా తలలోనే మోసేవాడు.

గురువారం ఐవీ థ్రెల్‌ఫాల్ వచ్చింది,
చెవి మిషను ఈల వేస్తోందని.
అది నా పని కాదమ్మా అంటుండగానే
ఆమె చూపు బల్ల మీద పడింది.
"ఓ, ఇదా" అంది,
పాత పొరుగింటివాణ్ణి బస్సులో చూసినట్టు.

"ఎం.పి. అంటే మ్యూరియల్ పాస్క్.
టంకం ఎక్కువ వాడేది, మాటలూ అంతే.
కెంట్‌లో, రేకుల షెడ్డులో పద్దెనిమిది మంది ఆడపిల్లలం,
పెట్టెకింతని కూలి.
ఇదిగో, ఈ వరుస మాత్రం నాది.
ఆ రోజు దానికి పన్ను నొప్పి."
ఎలా తెలుసన్నాను.
"నీ చేతిరాత నువ్వు గుర్తుపట్టవూ?"
నా పైపు మనిషి
తలుపు చప్పుడు కాకుండా వెళ్ళిపోయాడు.

ఇప్పుడు దీని ధరెంతో చెప్పాను.
నవ్వు ఆపుకోలేక కుర్చీ వెతుక్కుంది.

వాళ్ళు గిటారు వినలేదట ఎప్పుడూ.
పరీక్షించే కుర్రాడు ఒక కూత వినిపించేవాడు,
ఒకే స్వరం, సన్నగా. అది పలికితే పెట్టె పాసు.
దాన్ని ఎక్కడికి తీసుకెళ్ళారో
ఎవరి చేతుల్లో ఎలా అరిచిందో
బస్సు వేళకి ఇంటికెళ్ళే పిల్లలకేం తెలుసు?

మా దగ్గర పని నేర్చుకునే టాంసిన్
తన కొత్త ఆంప్ తెచ్చి పక్కన పెట్టింది.
టిఫిన్ డబ్బా అంత. వేలెడు చిప్పులు.
అందులో నలభై గొంతులు, ఈ ముసలిదాని గొంతుతో సహా.
పొట్టివాడికి పుట్టెడు బుద్ధులు.
"కళ్ళు మూసుకోండి, ఏది ఏదో చెప్పండి" అంది.

ముందు పాతదానికి స్విచ్చి వేశాం.
వాల్వులు పిలవగానే లేవవు,
ముందు గొణుగుతాయి, తర్వాత ఎర్రబడతాయి.
టాంసిన్ ఒక తీగ లాగి వదిలింది. మళ్ళీ, ఇంకో దాన్నుంచి.
నేను గట్టిగా, అనుభవమంతా గొంతులో పెట్టి
"రెండోది" అన్నాను.
తప్పు.
ఈ సంగతి క్లబ్బువాళ్ళకి చెప్పకండి.

ఐవీ పోటీలో చేరలేదు.
చెవి మిషను తీసి సంచీలో వేసుకుంది.
రెండు అరచేతులూ పాత పెట్టె నెత్తిన ఆనించి
ఇంకోసారి వాయించమని సైగ చేసింది.
బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు.
"వెచ్చగా ఉంది" అంది, కాస్త గట్టిగా,
వినపడని వాళ్ళు మాట్లాడే తీరులో.

పైన లీడ్స్ రైలు వెళ్ళింది.
పెట్టెలన్నీ కాసేపు వణికాయి.
అప్పుడు చూసుకున్నాను,
నా ఎడమ చెయ్యి ఇంకా జేబులోనే ఉంది.